స్టాఫ్ రూమ్ కబుర్లు – 23: ఆట నియమం ఎవరి సొత్తు?

మొన్న సోమవారం మధ్యాహ్నం ఫైనలియర్ బి.కాం. కంప్యూటర్స్ పిల్లాడొకడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మేడమ్, నేను చేసిన వెబ్ పేజీ ఒకటి డిలీట్ చేసేద్దామనుకుంటున్నా. చేసేముందు మీకోసారి చూపిద్దామని వచ్చా" అన్నాడు.

వాడుండేది సాంఘిక సంక్షేమ హాస్టల్లో. రాత్రి భోజనాలయ్యాక ఆరుగురు పిల్లలు కూర్చుని ఒక ఆట ఆడతారట. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో వచ్చిన ఆట. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. "నేను గోడ దూకుతా" అంటే దూకగలిగాడో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పడిన అంకెకి పాత్ర బలాబలాల లెక్క కలుపుకోవాలి. ఆ లెక్కలు బోలెడు. పుస్తకాలన్నీ ఇంగ్లీషు, ధర హాస్టల్ పిల్లలకి అందేది కాదు. అందుకని వీడు పేజీ కట్టాడు. పాత్ర పేరు, స్థాయి వేస్తే లెక్కలన్నీ తెలుగులో వేసి చూపిస్తుంది. పైసా వసూలు లేదు.

వేరే కాలేజీ కుర్రాడెవరో చూసి, "ఇది కాపీరైట్ దొంగతనం, కంపెనీ నోటీసు పంపిందంటే నీ డిగ్రీ గోవిందా" అన్నాడట.

దొంగతనం అనే మాట మన పిల్లల మీద ఎంత తేలిగ్గా పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. "వారం ఆగు, డిలీట్ చెయ్యకు" అన్నాను. నా పీహెచ్‌డీ తెలుగు సాహిత్యంలో, న్యాయశాస్త్రంలో కాదు. అయినా చదవడం వచ్చు కదా, కూర్చుని చదివాను.

ఆ ఆట కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్. దాని యజమాని హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ. 2000లో వాళ్లు ఓజీఎల్ అని ఒక బహిరంగ లైసెన్సు ఇచ్చారు. మా మూల నియమాలు తీసుకుని మీరూ పుస్తకాలు రాసుకోండి, అమ్ముకోండి అన్నారు. ఇరవై ఏళ్లకు పైగా ఎందరో చిన్న ప్రచురణకర్తలు దానిమీద బతికారు. 2023 జనవరిలో కొత్త లైసెన్సు ముసాయిదా బయటికి పొక్కింది. పాత లైసెన్సు ఇక చెల్లదట. ఏడాదికి 50 వేల డాలర్ల రాబడి దాటితే లెక్క చూపించాలి. 7.5 లక్షల డాలర్లు దాటితే ఆపైన వచ్చినదాంట్లో 25 శాతం దాకా కట్టాలి. అనుమతి అచ్చు పుస్తకాలకీ, పీడీఎఫ్ లాంటి కదలని ఫైళ్లకే. మావాడి పేజీ లాంటి పనిముట్లు గీత బయటే. అదే నెలలో సవరించిన ముసాయిదా ఇంకో తమాషా చేసింది. ఆన్‌లైన్ బల్ల మీద ఆడుకోవచ్చు గానీ, మంత్రబాణం ఎగిరి శత్రువుకి తగిలే బొమ్మ మాత్రం కదలకూడదట!

ఆటగాళ్లు ఊరుకోలేదు. కంపెనీ ఆన్‌లైన్ సేవకి కట్టే చందాలు రద్దు చేసుకున్నారు. అభిప్రాయాలు అడిగితే 15 వేల మందికి పైగా జవాబిచ్చారు. 88 శాతం మంది ఆ లైసెన్సు కింద ఏమీ ప్రచురించం అన్నారు. జనవరి 27న కంపెనీ దిగొచ్చింది. పాత లైసెన్సు ఉంచింది. దాదాపు 400 పేజీల మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద పెట్టింది. మూలం ఎవరిదో చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు. షరతు పాటించినంతకాలం ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోలేరు.

చదువుతుంటే నాకొక అనుమానం వచ్చింది. అసలు ఆట నియమం వాళ్ల సొత్తేనా, మనకి ఇవ్వడానికి?

1879లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. సెల్డన్ అనే ఆయన ఖాతాలు రాసే పద్ధతి మీద పుస్తకం వేశాడు. బేకర్ అనే ఆయన అలాంటి పద్ధతికే ఖాతా పుస్తకాలు చేసి అమ్మాడు. పుస్తకం మీద హక్కు ఉన్నంత మాత్రాన అందులోని పద్ధతి రచయిత సొంతం కాదని కోర్టు చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఆలోచనకి కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంది అంది. పాచిక వేసి అంకె కలుపుకోవడం ఒక పద్ధతి. దాన్ని వివరించిన వాక్యాలు, వేసిన బొమ్మలు సృష్టి. రెంటి మధ్య గీత ఎక్కడుందో తేల్చాలంటే కోర్టుకెళ్లాలి, లాయరు కావాలి, డబ్బు కావాలి. అందుకే జనం అంతకాలం, తమకి హక్కున్న చోట కూడా, అనుమతి పుచ్చుకుని బతికారు. అనుమతి ఇచ్చిన చెయ్యి ఒకరోజు వెనక్కి లాక్కోబోయింది.

మహద్ గుర్తొచ్చింది. ప్రభుత్వ చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహద్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి చవదార్ చెరువులో నీళ్లు తాగేదాకా ఆ హక్కు కాగితం మీదే ఉంది. చెరువూ ఆటా ఒకటే అనడం లేదు. నీళ్లు ప్రాణం, ఆట సరదా. కానీ దయతో ఇచ్చినదానికీ హక్కుగా ఉన్నదానికీ తేడా మనకి ఒకరు నేర్పాల్సిన పనిలేదు.

ఇంతవరకు రాసి ఆపేస్తే కాపీరైట్ అంటేనే దోపిడీ అనిపిస్తుంది. నేనలా అనలేను. మా నాయనమ్మ నాట్లలో కట్టిన పాటలు ఒక పరిశోధకుడు టేపు మీద ఎక్కించుకెళ్లాడు. తర్వాత అవి పుస్తకమయ్యాయి. అట్ట మీద ఆయన పేరు. లోపల "ఒక కూలీ స్త్రీ పాడినది". నేను పీహెచ్‌డీ చేస్తూ లైబ్రరీలో ఆ పేజీ తెరిచినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడింది. ఆ 2023 ముసాయిదాలోనూ, మీరు సృష్టించినదాన్ని మేం ఎప్పటికీ, పైసా ఇవ్వకుండా వాడుకుంటాం అనే షరతు ఉంది. అది చదివినప్పుడు అదే అడ్డం.

అందుకే మావాడి పేజీ గట్టిగా పరీక్షించాను. లెక్కలతోపాటు వాడు అమ్మకపు పుస్తకాల్లోని పేరాలు పేరాలే దింపాడు, బొమ్మలూ అతికించాడు. "లెక్క నీది. ఈ బొమ్మ ఎవరో రాత్రంతా కూర్చుని గీసింది. తీసెయ్" అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. మా నాయనమ్మ సంగతి చెప్పాక మాట్లాడకుండా తీసేశాడు. వివరణలు క్రియేటివ్ కామన్స్ పత్రం నుంచి తీసుకుని సొంత తెలుగులో రాశాడు. కింద మూలం పేరు పెట్టాడు.

అసలు సంగతి చివర్లో చెప్పాడు. ఆ నియమాల్లో పాత్రకి "జాతి" ఉంటుంది. ఏ జాతిలో పుడితే దానికి తగ్గట్టు బలమో, నేర్పో ముందే అదనంగా వస్తుంది. హాస్టల్లో చిన్నపిల్లాడొకడు "పుట్టగానే పాయింట్లు ఎందుకన్నా?" అని అడిగాడట. ఆ రాత్రే వీడు తన పేజీలో నియమం మార్చేశాడు. ఆ పాయింట్లు ఇప్పుడు పాత్ర నేర్చుకున్న పనిని బట్టి వస్తాయి. కంపెనీ కూడా 2024 పుస్తకంలో ఆ పాయింట్లని పుట్టుక నుంచి తప్పించి పాత్ర నేపథ్యానికి ఇచ్చింది. ఆ సంగతి చెబితే "అయితే మనమేం తప్పు చెయ్యలేదన్నమాట మేడమ్" అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఏ పనిముట్టు చేసినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ఇంకొకరి చెమట ఉందా? ఉంటే పేరు చెప్పండి, అనుమతి లేనిది తియ్యండి. లేదా ఇది అందరి పద్ధతేనా? అయితే ఎవరో బెదిరించారని డిలీట్ చెయ్యకండి. ముందు చదవండి.

ఆ పేజీ ఇంకా ఉంది. నిన్న రాత్రి హాస్టల్లో ఆట పదకొండింటిదాకా నడిచిందట. వార్డెన్ సార్ లైట్లు ఆర్పేశారని ఫిర్యాదు.

జై భీమ్.