నొక్కినా ఆగని కంట్రోల్-సి

కంట్రోల్-సి నొక్కితే ప్రోగ్రామ్ ఆగిపోతుందని ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్నాం కదా. అన్నివేళలా అది నిజం కాదు. ఈ మధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు దీనివల్లే అనవసరంగా మాటలు పడ్డాడు.

విషయం ఇదీ. ఓ పాత బాష్ స్క్రిప్ట్ 36 ఫైళ్ళని ఒక్కొక్కటిగా పైథాన్ ప్రోగ్రామ్‌కి ఇస్తుంది. ఆ పైథాన్ ఇంకో లోడర్‌ని పిలుస్తుంది. తాత, తండ్రి, మనవడు అన్నమాట. డేటా తేడాగా ఉందని చూసి మావాడు కంట్రోల్-సి కొట్టాడు. ఆ ఫైలు ఆగింది, తరవాతిది మొదలైంది! మళ్ళీ కొడితే మళ్ళీ అదే. టెర్మినల్ మూసేలోపు ఇంకో నాలుగు ఫైళ్ళు సగం సగం లోడయ్యాయి. "సరిగ్గా నొక్కి ఉండవు" అన్నారు లీడ్ గారు, అందరి ముందూ.

సిగ్నల్ మనవడిదాకా చేరట్లేదని అందరి అనుమానం. నిజానికి ఒకరు ఇంకొకరికి చెప్పే పద్ధతి ఇక్కడ లేదు. నొక్కగానే కెర్నెల్ ఆ టెర్మినల్‌లో ముందున్న ప్రాసెస్ గ్రూప్ మొత్తానికీ ఒకేసారి సిగ్‌ఇంట్ పంపుతుంది. లోడర్‌ని కొత్త సెషన్‌లో పెడదామన్నారొకరు. అలా చేస్తే కీబోర్డ్ సిగ్నల్ దానికి అసలు చేరదు, పైవాళ్ళు పోయినా అది నడుస్తూనే ఉంటుంది.

ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. లోడర్ 'కిల్డ్ బై సిగ్‌ఇంట్', పైథాన్ మాత్రం 'ఎగ్జిటెడ్ విత్ 1'. లోపల ఎవరో ఎప్పుడో ఏ పేరూ లేని ఉత్త 'ఎక్సెప్ట్' రాసి, కీబోర్డ్‌ఇంటరప్ట్‌ని కూడా మింగేసి, మామూలు ఎర్రర్‌లా బయటికొచ్చేశారు.

బాష్ తన పిల్ల ఎలా పోయిందో చూస్తుంది. సిగ్‌ఇంట్‌తోనే పోతే స్క్రిప్టునీ ఆపేస్తుంది. మామూలుగా ఎగ్జిట్ అయితే, కంట్రోల్-సిని పిల్లే ఏదో పనికి వాడుకుందిలే అనుకుని ముందుకెళ్తుంది. 130తో ఎగ్జిట్ అయినా అంతే! పైథాన్ ప్రాంప్ట్‌లో కంట్రోల్-సి కొడితే లైన్ పోతుంది గానీ పైథాన్ పోదు కదా, అలాంటివాటి కోసమే ఈ ఏర్పాటు.

మందు చిన్నదే. 'ఎక్సెప్ట్ ఎక్సెప్షన్' అని రాస్తే కీబోర్డ్‌ఇంటరప్ట్ అందులో పడదు. శుభ్రం చేసే పనుంటే దాన్ని విడిగా పట్టుకుని, పని ముగించి, మళ్ళీ 'రెయిజ్' చెయ్యాలి. 3.8 నుంచి పైథాన్ తనే సిగ్‌ఇంట్‌తో పోతుంది. అంతకన్నా పాతదైతే హ్యాండ్లర్‌ని డిఫాల్ట్‌కి మార్చి, తనకి తనే సిగ్‌ఇంట్ పంపుకోవాలి.

నేను రెండు లైన్లు మార్చాను, స్క్రిప్ట్ ఆగుతోంది. లీడ్ గారికి ఆ ఎస్‌ట్రేస్ కూడా చూపించాను. ఎర్రర్‌ని మింగేసే కోడ్ మనదగ్గర ఏళ్ళ తరబడి హాయిగా బతుకుతుంది. తిట్లు మాత్రం ఆరోజు కీబోర్డ్ ముందున్నవాడికి!