చన్నీటి సరస్సులో చిన్న పడవ

మిషిగన్ సరస్సు తీరాన స్థిరపడిన మిత్రులారా, లేక్ ట్రౌట్ చేపల వేటకు చిన్న పడవను సిద్ధం చేసుకుంటున్నారా? సాగే పడవ వెనుక గాలాన్ని లాగుతూ పోయే ఈ ట్రోలింగ్‌లో, వైద్యునిగా నా దృష్టి ముందుగా నీటి చలిపైకే పోతుంది.

ఆ చేప సుమారు 10 డిగ్రీల సెల్సియస్ నీటిని కోరుతుంది. ఏప్రిల్‌లో పైనీరు అంతకన్నా చల్లగా ఉంటుంది. అందులో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. సుమారు 10 నిమిషాల్లో చేతులు పట్టు కోల్పోతాయి. ఈత వచ్చినవారికీ అంతే. కనుక లైఫ్ జాకెట్‌ను ఒడ్డుననే ధరించండి.

బరువుతో గాలాన్ని లోతుకు దింపే డౌన్‌రిగ్గర్‌ను, బయటికి వంగకుండా అందేచోట బిగించండి. మీరు నీట పడినా మోటారు దానంతట అది ఆగదు. దానిని ఆపే తాడును ఒంటికి తగిలించుకోండి. నీటిలో నుంచి దించుకోగల నిచ్చెనను వెనుక అమర్చండి. గాలాల ఎంపిక ఆ తరువాతి మాట.