నా పేరేడున్నదమ్మా?

మా చిన్నబిడ్డకు మొట్టమొదటి లేబుల్ పడింది జగిత్యాలలో. సదరం క్యాంపు తర్వాత వచ్చిన కాగితం మీద దాని పేరు, పక్కనే నూరు శాతం అని అంకె. పింఛనుకు, బస్సు పాసుకు అదే ఆధారం కాబట్టి బీరువాలో భద్రంగా దాచాను. తన గురించి రాసిన ఆ కాగితాన్ని తను చదువుకోలేదన్న సంగతి నాకు చాలా రోజులు తట్టనేలేదు.

మాది కోరుట్ల. ఇంటర్ కాగానే పెళ్లి. ఆయన దుబాయిలో ఉంటాడు, నేను బీడీలు చేస్తాను. భవిత కేంద్రంలో టీచరమ్మ బిడ్డకు బ్రెయిలీ మొదలుపెడితే నేనూ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. లూయీ బ్రెయిలీ పదిహేనేళ్ల వయసులో, 1824లో, రూపమిచ్చిన లిపి ఇది. మన భాషలన్నిటికీ పనికొచ్చే భారతీ బ్రెయిలీ 1951లో కుదిరింది. అ అంటే ఒకటే చుక్క, క అంటే రెండు. గడికి ఆరు చుక్కలు దాటవు. అయినా నేను కళ్లతోనే చదవగలను. తునికాకు చుట్టీ చుట్టీ, దారం కట్టీ కట్టీ నా వేళ్ల కొసలు మొద్దుబారాయి. బిడ్డ వేలికి దొరికే చుక్క నా వేలికి దొరకదు.

"చూపున్న పిల్లలు బడికి రాకముందే బస్సు బోర్డు మీద, సబ్బు కాగితం మీద అక్షరాలు చూస్తరమ్మా. మీ బిడ్డకు పుస్తకం మూస్తే అక్షరమే లేదు. ఇంట్ల పెట్టుండ్రి" అన్నది టీచరమ్మ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పద్దెనిమిదేళ్ల దాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటుంది. ఇంట్లో అక్షరాలు పెట్టే పని మాత్రం తల్లిదే.

పెట్టాను. మందపాటి అట్టను పలకలో బిగించి, కుడి నుంచి ఎడమకు పొడిచి, తిప్పితే చుక్కలు పైకి లేస్తాయి. మొదట్లో బొటనవేలితో గట్టిగా నొక్కి అంటించి చుక్కలన్నీ చదును చేశాను. తర్వాత అంచులకే బంక పూయడం తెలిసింది. తలకిందులు కాకుండా పైన కుడి మూల కత్తిరించాలి. మూతలు మారిపోతాయి కాబట్టి డబ్బాకే అంటించాలి. ఉప్పు, చక్కెర, పప్పు, చాయపత్తి... సాయంత్రానికి వంటిల్లంతా అక్షరాలే.

అత్తమ్మ సంబరపడింది. "మంచి పని జేసినవు బిడ్డా. వంటొస్తే ఎవడో ఒకడు చేసుకుంటడు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమెను అనేదేముంది? ఆమె చెప్పింది నా చేతులు ముందే చేసేశాయి. ఇల్లంతా ఉండగా నేను పొయ్యి దగ్గరే ఎందుకు మొదలుపెట్టాను? కొడుకైతే ఉప్పు డబ్బాతో మొదలుపెట్టేదాన్నా? వంట రావద్దని కాదు, తన చాయ తను పెట్టుకోవాలి. కానీ దానికి నేను పరిచిన అక్షరాలన్నీ పొయ్యి దగ్గరికే పోతున్నాయి.

మర్నాడు అది డబ్బాలన్నీ తడిమి వచ్చి అడిగింది: "అమ్మా, ఉప్పుకు పేరున్నది, పప్పుకు పేరున్నది. నా పేరేడున్నది?"

ఇద్దరం కలిసి దాని పేరు పొడిచాం. గూట్లో ఒక అర దానిదయ్యింది. అక్క పుస్తకాలు అందులో పెడితే కొట్లాటే.

సెలవులకు సిరిసిల్ల పోయినప్పుడు ఈ ముచ్చట మా అమ్మకు చెప్పాను. కండెలు చుట్టి మమ్మల్ని పెంచిన మనిషి, ఒక్క అక్షరం రాదు. అక్కాచెల్లెళ్ల బడి బట్టలు ఒకేతీరుగా ఉంటాయని విని, చిన్నదాని అంగీల మెడపట్టీ లోపల దారంతో ముడి కుట్టింది. అంగీకి ఒకటి, లంగాకు రెండు. ఎవరూ నేర్పలేదు. అప్పటి నుంచి తన బట్టలు తనే తీసుకుంటుంది.

మొన్న బీడీలు చుడుతుంటే పలక పట్టుకుని పక్కన కూర్చుంది.

"అమ్మా, నీ పేరు జెప్పు, రాస్త."

చెప్పాను. ఇంట్లో ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు లేరు. ఒక్కో అక్షరం పలుకుతూ పొడిచింది.

"చేటకు అంటియ్యాల్నా?"

"వద్దు బిడ్డా" అన్నాను. దాని అర కింది అర ఖాళీ చేసి, ఇంటర్ పుస్తకాలు మూట విప్పి అందులో పెట్టాను. అంచులకు బంక అదే పూసింది.