యంత్రము ముంగిట మా రెండు లిపులు

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి కంప్యూటరుతో పని యేమని మిత్రులు మమ్మల్ని అప్పుడప్పుడు పరిహసిస్తూ ఉంటారు. రాజమహేంద్రవరంలో 2006లో నన్నయ పేరిట వెలసిన విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివినవారము, యంత్రశాస్త్రం మాకు పాఠ్యాంశం కాదు. అయినప్పటికీ మగ్రిబ్ నమాజు ముగిసిన తరువాత ఒక గంట సేపు ఆ పెట్టె ముందు కూర్చొని ఏదో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసుకోవడం మాకు కొన్నేళ్లుగా అలవాటైనది. కొందరికి చదరంగం, కొందరికి కాలువ గట్టున చేపల గాలం; మాకిది.

మొదట మేము తలపెట్టినది ఛందస్సు. పద్యపాదాన్ని ఇస్తే గురులఘువులు గుర్తించే ప్రోగ్రాము ఒకటి వ్రాయాలని పైథాన్ అనే భాషను నేర్చుకున్నాము. 2008లో వచ్చిన దాని మూడవ అవతారంలో ఒక సౌకర్యం ఉన్నది: పేర్లు మన లిపిలోనే పెట్టుకోవచ్చును. "లఘువు = 1, గురువు = 2" అని తెలుగులో వ్రాసి నడిపిస్తే యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఆ రాత్రి మాకు కలిగిన సంతోషం ఇంత అంత కాదు.

మరునాడే అది కొంత చల్లారినది. "గోదావరి"లో ఎన్ని అక్షరాలని యంత్రాన్ని అడిగాము. ఏడు అన్నది. మన ఒకటవ తరగతి పిల్లవాడైనా నాలుగని చెబుతాడు. "స్త్రీ" అనే ఏకాక్షరాన్ని ఇస్తే ఆరు అన్నది! విచారించగా తెలిసినదేమనగా, 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రతి నుండే తెలుగుకు చోటు ఉన్నది గాని, ఆ ఏర్పాటులో హల్లుకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తుకు ఒక సంఖ్య, పొల్లుకు వేరొక సంఖ్య. యంత్రం లెక్కించేది ఆ సంఖ్యలను. మనం పలికే అక్షరాలను కాదు. పలికే అక్షరానికి దగ్గరగా లెక్కించే సూత్రం వేరుగా ఉన్నది గాని, అదీ సంయుక్తాక్షరాలను చాలాకాలం ముక్కలు చేస్తూ వచ్చినది. "స్త్రీ"ని దాని ప్రకారం మూడుగా విడదీసేవారు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ప్రతిలో గాని ఆ సూత్రాన్ని తెలుగు మొదలైన కొన్ని భారతీయ లిపుల కోసం సవరించలేదు. నన్నయ నాటికే మనవారికి తెలిసిన సంగతి యంత్రలోకానికి చేరడానికి ఇంత కాలం పట్టినదన్నమాట.

ఇక సంఖ్యలను అందమైన అక్షరాలుగా కూర్చి తెర మీద నిలిపే పని మరొక సాధనానిది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ పనికి వాడుకొనే దాని పేరు హార్ఫ్‌బజ్. ఇదేదో ఆంగ్లపదమని మేము చాలాకాలం భ్రమించాము. కాదు, ఫారసీలోని "హర్ఫ్", "బాజ్" అనే మాటల కలయిక. హర్ఫ్ అనగా అక్షరం, బాజ్ అనగా తెరచినది. దానిని పెంచి పోషించిన బెహ్‌దాద్ ఇస్ఫహ్‌బద్ ఇరాన్ దేశంలో పుట్టినవారు. ఉర్దూ నస్తాలీఖ్‌నూ, తెలుగు వత్తులనూ ఒకే సాధనం కూర్చడం చూచినప్పుడు, ఇంట ఒక లిపి, బడిలో ఒక లిపి దిద్దిన మావంటివారికి కలిగే ఆనందం వేరు. అయితే ఇటువంటి సాధనాలు ఎంత సున్నితమైనవో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూచినది. "జ్ఞా" అనే అక్షరం లోపల కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలోని కార్యక్రమాలు కుప్పకూలినవి. కొద్ది రోజులలోనే ఆపిల్ సంస్థ దానిని సరిచేసినది. జ్ఞానం బరువు ఎంతటిదో ఆ వారం తెలిసివచ్చినదని మేము తరగతిలో అంటే పిల్లలు నవ్వారు.

ఈ వినోదం ఒకనాడు బాధ్యతగా మారినది.

మా కళాశాలలో ఉర్దూ బోధించి విశ్రమించిన ఒక పెద్దలు ఉండేవారు. మేమందరం ఉస్తాద్ అని పిలిచేవారము. ఆయన పరమపదించిన మరుసటి ఏడు వారి కుమార్తె మా శాఖకు వచ్చారు. 2003 నాటి వార్షిక సంచికలో ఉస్తాద్ తన బాల్యం గురించి తెలుగులో ఒక వ్యాసం వ్రాశారట. కోనసీమలో ఒక కాలువ గట్టు ఇల్లు, తనకు రెండు లిపులూ దిద్దించిన వృద్ధురాలు – అదీ విషయం. పిల్లలకు చదివి వినిపించడానికి ఆమెకు దాని ప్రతి కావాలి. గ్రంథాలయంలోని పాత సంచికలు ఏనాడో చెదల పాలైనవి. వెదుకగా వెదుకగా ఆ సంచిక తాలూకు సి.డి. ఒకటి బీరువాలో దొరికినది. తెరిచి చూస్తే తెర నిండా అర్థం లేని ఆంగ్లాక్షరాలు, చుక్కలు, గీతలు. ఆ కాలంలో డి.టి.పి. చేసేవారు ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు ముక్కల బొమ్మలు అమర్చిన ఫాంటులు వాడేవారు. ఆ ఫాంటు లేనిదే ఆ పాఠం లేదు.

ఇప్పుడు ప్రోగ్రాములు వ్రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు వచ్చినవి గదా. మేమూ ఒకదానిని ఆశ్రయించాము. వారం రోజుల పని అనుకున్న మార్పిడి ప్రోగ్రామును అది కొన్ని నిమిషాలలో వ్రాసి ఇచ్చినది. మేము నిజంగా నివ్వెరపోయాము. ముక్కాలు భాగం చదవడానికి వీలైన తెలుగుగా మారినది. మిగిలిన విరుపులను కూడా సరిచేయమన్నాము. ఈసారి ఎక్కడా మచ్చలేని వ్యాసం వచ్చినది. సంతోషంతో ఆమెను పిలిపించి ప్రతి చేతికిచ్చాము.

ఆమె రెండవ పేరా దగ్గర ఆగిపోయారు. "సార్, నాన్నగారిని పెంచింది దాదీ కాదండి, నానీ. దాదీని ఆయన చూడనే లేదు."

కాగితం తీసుకొని చూచాము. అంతటా "నానమ్మ" అని ఉన్నది. తెలుగులో నానమ్మ అంటే తండ్రికి తల్లి. మా ఇళ్లలో నానీ అంటే తల్లికి తల్లి. చెవికి రెండు మాటలూ తోబుట్టువులవలె వినిపిస్తాయి. ఇంటిలో మాత్రం అవి రెండు వేరు గడపలు. గిట్ అని మార్పులను నమోదు చేసే సాధనం ఒకటి ఉన్నది. తీసివేసిన పంక్తిని ఎర్రగానూ, చేర్చిన పంక్తిని పచ్చగానూ చూపుతుంది. దానిలో రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చూచాము. పదకొండు చోట్ల ఎర్రని "నానీ" పోయి పచ్చని "నానమ్మ" వచ్చినది. అంతే కాదు, గుర్తు తెలియని చోటల్లా అది ఆగి మమ్మల్ని అడగలేదు. తోచిన మాట పెట్టి నింపుకొనిపోయినది. మేమూ చూడలేదు. ఏడేండ్లు ఉస్తాద్ పక్క గదిలో కూర్చొని పాఠం చెప్పిన మేము, ఆ మాట ఆయనది కాదని గుర్తించకపోవడమే మమ్మల్ని ఇప్పటికీ బాధిస్తున్నది.

మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టాము. తెలియని గుర్తు వస్తే ప్రోగ్రాము అక్కడ ఒక నక్షత్రం ఉంచి ఆగాలని నియమం పెట్టాము. నలభై మూడు నక్షత్రాలు వచ్చినవి. ఆమే మేమూ మూడు సాయంకాలాలు కూర్చొని ఒక్కొక్కటి విడదీసుకున్నాము. కొన్ని ఆమెకు తెలిసిన ఇంటి మాటలు, కొన్ని మాకు తెలిసిన వ్యాకరణం. "మామూ" అన్న మాట బయటపడినప్పుడు ఆమె కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

వ్యాసం ఈ సంచికలో పునర్ముద్రితమైనది. చివర రెండు పంక్తుల ఖాళీ కనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు. నానీ చెప్పిన ఉర్దూ మాటలను అక్కడ ఉస్తాద్ తన చేతితో వ్రాసి, అచ్చుకు వెళ్లే కాగితం మీద అంటించారట. సి.డి.లో ఉన్నది ఆ ఖాళీ మాత్రమే. పూర్వ విద్యార్థులలో ఎవరి ఇంటనైనా, ఏ పాత పెట్టెలోనైనా 2003 సంచిక మిగిలి ఉంటే, ఆ ఒక్క పుట ఫొటో తీసి తెలుగు శాఖకు పంపవలసినదిగా ప్రార్థిస్తున్నాము.