సంచి తెరిచి చూపించండి!

ఆదివారం సాయంత్రం. హైదరాబాద్ లుంబినీ పార్కు గేటు దగ్గర వరస మెల్లగా కదులుతోంది. ఓ ఇల్లాలి చేతిసంచిలో నీళ్ల సీసా, జంతికల డబ్బా, చంటివాడి స్వెట్టరు. 'సంచి తెరవండమ్మా' అంటాడు గార్డు. ఆమె తెరుస్తుంది. అతను తొంగిచూసి తలూపుతాడు. అంతే, అయిదు సెకన్ల పని. పెద్దవాళ్లెవరికీ అది వింతగా తోచదు. ఆమె వేలు పట్టుకున్న పిల్లాడే అడుగుతాడు... 'మన సంచి ఎందుకు చూస్తున్నారమ్మా?'

చిన్న ప్రశ్నే. దానికి జవాబు కావాలంటే మాత్రం ఈ నగరంలో నాలుగు చోట్లకు వెళ్లాలి.

ఆ శనివారం...

మొదటిది ఈ పార్కే. హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధుడి దగ్గరికి పడవలు బయల్దేరేది ఇక్కణ్నుంచే. ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్ తర్వాత చూపించే చోటు ఇది. 2007 ఆగస్టు 25న కూడా అలా వచ్చినవాళ్లతోనే నిండిపోయింది. రాత్రి పావుతక్కువ ఎనిమిది ప్రాంతంలో, అందరి కళ్లూ లేజర్ షో మీద ఉండగా, కుర్చీల మధ్య బాంబు పేలింది. మహారాష్ట్ర నుంచి విజ్ఞానయాత్రకు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు కొందరు మళ్లీ ఇంటికి చేరలేదు. కొద్ది నిమిషాలకే కోఠిలో మరో పేలుడు. రెండు చోట్లా కలిపి 40 మందికి పైగా బలయ్యారు.

రాష్ట్ర సచివాలయం పార్కుకి కూతవేటు దూరమే. సర్కారు వెంటనే కదిలింది. ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడానికే ఆ అక్టోబరులో 'ఆక్టోపస్' దళం ఏర్పాటైంది. మరుసటి ఏడాది నవంబరులో ముంబయి దాడులు జరిగాక కేంద్రం జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ)ని నెలకొల్పింది. పార్కు గేటుకి మెటల్ డిటెక్టరు వచ్చింది. సంచి తెరవడం నగరానికి అలవాటైంది.

ప్లేటు దహీపూరీ

లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ ఎంతో దూరం కాదు. ఎక్కేముందు ఇక్కడా సంచి ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్లాల్సిందే. దిగి నాలుగడుగులు వేస్తే కోఠి. పాత పుస్తకాల దుకాణాలు, బట్టల బేరాలు, వాటి మధ్య గోకుల్ చాట్. కూర్చునేందుకు చోటుండదు. అందరూ నిలబడే తింటారు. పరీక్ష రాసొచ్చిన విద్యార్థులు, పెళ్లి చీరలు కొని అలసిపోయిన అత్తాకోడళ్లు, ఆఫీసు నుంచి ఇంటికెళుతూ ఆగిన గుమాస్తాలు... భుజం భుజం రాసుకుంటూ. బాంబు పెట్టినవాళ్లు వెతుక్కున్నదీ ఆ ఇరుకునే.

ఆ దుకాణం మళ్లీ తెరుచుకుంది. జనమూ మళ్లీ వచ్చారు. 'ఇక్కడే కదా...' అని మొదట్లో గొంతు తగ్గించి చెప్పుకొన్నవాళ్లే, తర్వాత తర్వాత 'భయ్యా, ఇంకో ప్లేటు' అన్నారు. అది మరిచిపోవడం కాదు. ఏటా ఆగస్టు 25న అక్కడ కొవ్వొత్తులు వెలుగుతాయి, నివాళులు అర్పిస్తారు. న్యాయానికి మాత్రం పదకొండేళ్లు పట్టింది. 2018 సెప్టెంబరు 10న ప్రత్యేక న్యాయస్థానం ఇద్దరికి మరణశిక్ష, వారికి ఆశ్రయమిచ్చిన మరొకరికి యావజ్జీవం విధించింది. ఆనాడు ఒళ్లో కూర్చున్న పిల్లలు ఆ తీర్పునాటికి ఇంటర్ చదువుకొచ్చేశారు.

పావురాల ముంగిట్లో...

కోఠి నుంచి ఆటోలో మూసీ దాటి వెళితే చార్మినార్. గాజుల దుకాణాలు దాటగానే మక్కా మసీదు. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయిన కట్టడం. ముంగిట్లో గుంపులు గుంపులుగా పావురాలు. లోపలికెళ్లాలంటే ఇక్కడా తనిఖీ తప్పదు.

గోకుల్ చాట్ కంటే మూడు నెలల ముందు, 2007 మే 18న, శుక్రవారం ప్రార్థనలకు వచ్చినవారి మధ్య ఇక్కడ బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. ఆ తర్వాత చెలరేగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు మరో అయిదుగురు బలయ్యారు. అక్కడితోనూ అయిపోలేదు. దర్యాప్తు పేరుతో పాతబస్తీ యువకులు అనేకమందిని పట్టుకెళ్లారు. తర్వాత కోర్టులు వారిని నిర్దోషులుగా వదిలేశాయి. 2012లో అలాంటి వారికి ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దర్యాప్తు చేతులు మారి, అనుమానం వేరే వైపు తిరిగి, వేరే నిందితులతో విచారణ సాగింది. చివరికి 2018 ఏప్రిల్‌లో సాక్ష్యాలు చాలవంటూ ఆ అయిదుగురినీ కోర్టు విడిచిపెట్టింది.

అంటే, ఇక్కడ ప్రాణాలు పోయినవారి ఇళ్లకు దోషి ఎవరో తెలియలేదు. జైలుకెళ్లొచ్చిన కుర్రాళ్లకు పోయిన ఏళ్లు తిరిగి రాలేదు. బాంబు కోరుకునేది మనిషి పక్కన మనిషి నిలబడకూడదనే. సంచిని అనుమానించడం జాగ్రత్త. పేరునిబట్టి, పేటనిబట్టి మనిషిని అనుమానిస్తే బాంబు సగంలో వదిలిన పని మనమే పూర్తిచేసినట్టు. సంచిని చూసి వెంటనే తిరిగిచ్చేయొచ్చు. పోయిన పరువుని అలా తిరిగివ్వలేం.

బజ్జీల వాసన

ఎంజీబీఎస్ స్టేషన్లో రైలెక్కి మలక్‌పేట, ముసారాంబాగ్ దాటితే దిల్‌సుఖ్‌నగర్. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, సాయిబాబా గుడి, ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చిన వేలమంది కుర్రకారు. ఈ పేటకి గండం ఒకసారితో పోలేదు. 2002లో గుడి దగ్గర పేలుడు. 2007లో ఆ శనివారం రాత్రే పాదచారుల వంతెన కింద పేలని బాంబు దొరికింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మాత్రం తప్పలేదు. సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు, ఒకటి బస్టాపు దగ్గర, మరొకటి మిర్చిబజ్జీల సెంటరు దగ్గర పేలాయి. గర్భస్థ శిశువుతో కలిపి 18 మంది పోయారు. పుస్తకాల సంచీతో బస్సు కోసం నిలబడ్డవాళ్లున్నారు వారిలో.

జనం పోగయ్యే దుకాణాలూ హోటళ్లూ సీసీ కెమెరాలు పెట్టుకోవాలని ఆ ఏడాదే చట్టం వచ్చింది. ఇప్పుడు గల్లీ గల్లీకీ కెమెరా కన్ను. వాటి దృశ్యాలను ఒక్కచోట చూసేందుకు 2022లో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. ఈ కేసులో 2016లో అయిదుగురికి మరణశిక్ష పడింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని సమర్థించింది.

చీకటి పడింది. మూకుడులో బజ్జీలు వేగుతున్నాయి. బస్టాపు బెంచీ కింద ఓ గుడ్డసంచి. పక్కన ఎవరూ లేరు. 'ఎవరిదండీ ఈ సంచి?' ఓ కుర్రాడి గొంతు. మాటలు ఆగిపోయాయి. నలుగురు వెనక్కి జరిగారు. ఇంకొకరు ఫోన్ తీశారు. అంతలో రోడ్డవతలి నుంచి ఓ పెద్దావిడ, చేతిలో బజ్జీల పొట్లంతో ఆయాసపడుతూ వచ్చింది. 'నాదే నాయనా! మనవరాలి బట్టలు'. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 'అట్లా వదిలేసి పోతే ఎట్లమ్మా?' అంటూనే ఆ కుర్రాడు సంచి అందించి, బస్సెక్కడానికి చేయూతనిచ్చాడు. ఆమె పేరేంటో, ఏ పేటో ఎవరూ అడగలేదు.

పార్కు గేటు దగ్గర పిల్లాడి ప్రశ్నకు జవాబు ఇదేనేమో. సంచి చూడాలి... చూసి, నవ్వుతూ తిరిగివ్వాలి.