ఎవరి కేరేజీ వాళ్లు

ఆటవిడుపు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. పని లేని రోజులుండేవి. అది వేరు. పని లేని రోజంటే కూలి లేని రోజు. ఆ రోజు అమ్మ మొహం చూడాలంటే భయమేసేది. డిగ్రీ చదివి, డీఎస్సీ రాసి, గవర్నమెంటు బడిలో మాస్టరయ్యి నెలజీతం చేతిలో పడ్డాక గానీ, పన్లోకి వెళ్లకపోయినా కూలి పోని రోజొకటి ఉంటుందని నాకు తెలీలేదు. బడిపిల్లల్ని రంజీ మ్యాచికి తీసుకెళ్దామని కాగితం, పెన్సిలు పట్టుకు కూచుంటే మా అయ్య వింతగా చూశాడు. "ఆట సూడ్డానిక్కూడా లెక్కలేట్రా?" అన్నాడు.

లెక్కలే మరి. మా బడి గాజువాక వైపు. స్టేడియం ఊరికి ఆ చివర, పీఎం పాలెంలో. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ దాటాలి. ఆట పొద్దున్నే మొదలవుతుంది. ఇండియా ఆడే మ్యాచికైతే టిక్కెట్టు కొనే తాహతు మాకు లేదు. రంజీ మాకు సరిపోయే ఆట. టిక్కెట్టు లేదు, తోపులాట లేదు, నాలుగు రోజులు సాగుతుంది కాబట్టి అందులో ఒక ఆదివారం చూసుకోవచ్చు. పిల్లలు ఇరవైయారు మంది. అందులో ఆడపిల్లలు పదిహేను. 2025 ఆగస్టు 15 నించి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకి సిటీ బస్సులో టిక్కెట్టు లేదు గనక వాళ్లు ఆధార్ కార్డు తెస్తే చాలు. మగపిల్లల టిక్కెట్లు నా జేబులోంచి. "మేమేటి పాపం సేసేం మాస్టారూ?" అని ఒకడు అలిగాడు. వందేళ్ల లెక్క ఒక బస్సులో తీరదులే అన్నాను.

తర్వాత ఇళ్లకి తిరిగాను. ఒకళ్ల నాయన స్టీలుప్లాంటులో కాంట్రాక్టు లేబరు, సి షిఫ్టు దిగి నిద్దరోతున్నాడు. ఒకళ్లమ్మ తెల్లారకుండా బట్టల కంపెనీ బస్సెక్కేస్తుంది. ఆవిడ దొరకడానికి మూడు రోజులు పట్టింది. "సీకటడక ముందే మా గుంటని తెచ్చీండి బాబూ" అంది. అదీ రాసుకున్నాను. సాయంత్రం రుషికొండ తీరానికి కూడా వెళ్దామనుకున్నది అక్కడితో కొట్టేశాను.

ఇంతవరకూ లెక్కలు లెక్కల్లాగే ఉన్నాయి. భోజనం దగ్గరికొచ్చేసరికి స్టాఫ్‌రూములో ఒక సాటి మాస్టారు, చాలా మర్యాదగా, "ఎవరి కేరేజీ వాళ్లు తెచ్చుకుంటే గొడవుండదు కదండీ" అన్నాడు.

ఈ మాట మీలో చాలామంది విన్నదే. ఇందులో కులం పేరుండదు. తిట్టుండదు. ఏ చట్టానికీ దొరకదు. నేను పులిహోర అనుకున్నాను. మధ్యాహ్నం దాకా పాడవదు, చేత్తో తినొచ్చు. మా పిల్లల్లో ఒక గుంట నాయనమ్మ "నానొండుతాను, నాలుగు కేజీల బియ్యం, అరకేజీ సింతపండు పడీండి సాలు" అంది. ఆ ముసలామె ఇల్లు మా పేటలో ఉంది. గొడవంతా అదే. బడిలో మధ్యాహ్న భోజనం అందరూ ఒక్క గిన్నెలోదే తింటున్నారు కదా అన్నాను. "అది గవర్నమెంటుదండీ. ఇది మీది కదా" అన్నాడు. అదే పులిహోర గుడి మెట్ల మీద దొన్నెలో పెడితే కళ్లకద్దుకుని తింటారు.

ఆ రాత్రి నిద్రపట్టక నేను పల్వంకర్ బాలూ గురించి రాసుకున్నాను. మర్నాడు బోర్డు మీద పెట్టి చెప్పాను. మీకు తెలిసినా మళ్లీ చెబుతాను, మన పిల్లల పాఠాల్లో ఆయన లేడు గనక. చమార్ కులంలో పుట్టినవాడు. పూనాలో ఇంగ్లీషువాళ్ల క్లబ్బులో పిచ్ చదును చెయ్యడం, నెట్లు కట్టడం ఆయన పని. దొరలకి ప్రాక్టీసు కావాలి, అందుకని గంటల తరబడి బంతి వేయించుకున్నారు. బ్యాటు మాత్రం ఎప్పుడూ చేతికివ్వలేదు. ఎడంచేతి స్పిన్ను. హిందువుల జట్టుకి గెలుపు కావాల్సొచ్చినప్పుడు ఆయన్ని పిలిచారు. మైదానంలో ఆయన ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకున్నారు. టీ వేళకి మాత్రం ఆయనకి పెవిలియన్ బయట, పారేసే మట్టిముంతలో. 1911లో ఇంగ్లండు వెళ్లి 114 వికెట్లు తీశాడు. అయినా కెప్టెన్ని చెయ్యలేదు. ఆయన తమ్ముడు విఠల్‌కి 1923లో దక్కింది ఆ కుర్చీ. ఇదీ చెప్పాలి: ఇదే బాలూ పూనా ఒడంబడిక నాడు గాంధీ వైపు నిలబడ్డాడు, 1937 ఎన్నికల్లో బొంబాయిలో అంబేద్కర్ మీదే పోటీచేసి ఓడిపోయాడు. మనవాళ్లని దేవుళ్లని చేసి పిల్లలకి చెప్పడం నాకిష్టం లేదు. ఆ మట్టిముంత మాత్రం మర్చిపోవద్దన్నాను.

బ్యాటు ఇవ్వకపోవడం నాకు కొత్త కాదు. మాది విజయనగరం వైపు పల్లె. ఊరి కుర్రాళ్లు చెరువుగట్టున ఆడేవారు. తుమ్మముళ్లలో పడ్డ బంతి తెచ్చే పని మా పేట పిల్లలది. తెచ్చి విసిరెయ్యాలి, చేతికివ్వకూడదు. అప్పట్లో అదే ఆట అనుకునేవాళ్లం. ఆ పక్కనే విజయనగరం రాజుల బిడ్డ విజ్జీ 1936లో ఇండియా కెప్టెనయ్యి ఇంగ్లండు వెళ్లాడు. మూడు టెస్టులు కలిపి చేసినవి 33 పరుగులు. అంతకన్నా బాగా ఆడే లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపించేశారు. మేం వెళ్లబోయే మైదానంలో ఒక కొసని ఇవాళ్టికీ విజ్జీ ఎండ్ అనే పిలుస్తారు. బాలూ పేరు ఏ కొసనా లేదు.

పిల్లలు చప్పబడిపోయారు. అప్పుడు ఇంకోటి చెప్పాను. 2025 అక్టోబరు 12న అదే స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకి రావి కల్పన పేరు పెట్టారు. 2015లో ఇండియాకి వికెట్ కీపింగు చేసిన కల్పన ఆటో డ్రైవరు కూతురు. మా తొమ్మిదో తరగతి గుంట ఒకతి, నాయనమ్మ చేత పులిహోర వండిస్తున్నది అదే, "ఆ గేటు సూపిస్తారా మాస్టారూ?" అంది. అది కాగితం మీద పైన రాసుకున్నాను.

ముందురోజు ముగ్గురి ఇళ్లలోంచి కబుర్లొచ్చాయి. ఒకరికి జొరం. ఒకరింటికి చుట్టాలు. మూడో ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు, "ఆ వొంట మావాడు తినడండి." నిజం చెప్పినాయన మీదే నాకు తక్కువ కోపం. ఆదివారం పొద్దున్న ఆయన కొడుకు అందరికన్నా ముందొచ్చి బస్టాపులో నిలబడ్డాడు. చేతిలో కేరేజీ. వాళ్లమ్మ కట్టిచ్చిందట.

ఆట గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. నాలుగు రోజుల ఆటలో ఒక్క రోజు చూస్తే ఎవరు గెలిచేదీ తేలదు. ఖాళీ కుర్చీల మధ్య మా పిల్లల గోలే వినపడింది. లంచ్ వేళ కుర్రాడు నాలుగు కుర్చీలవతల కూచుని కేరేజీ విప్పాడు. ఎవరూ రమ్మన్లేదు, ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఆ గుంటే లేచి, వాడి కేరేజీ మూత తీసుకుని, దాన్నిండా పులిహోర వేసి పక్కన పెట్టేసి వచ్చింది. వాడు తిన్నాడు. ఇంటికెళ్లి చెప్పాడో లేదో నేనడగలేదు.

ఆ గుంటది పుర్రచెయ్యి. ఇంట్లో దెబ్బలు తింటుంది దానికి. బస్సులో నా పక్కన నిలబడి, "ఈ ఆటలో పుర్రచెయ్యి పనికొస్తాదా?" అంది. బాలూది అదే చెయ్యి కదా అన్నాను. 2025 నవంబరు 2న ప్రపంచకప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా శ్రీచరణిదీ అదే చెయ్యి అని చెప్పాను. ఎన్‌ఏడీ దాకా ఏం మాట్లాడలేదు. తర్వాత తెల్లబట్టలు, బూట్లు, బంతి ఎంతవుతాయని అడిగింది. వారానికెన్నిసార్లు ప్రాక్టీసుకి రావాలో, బస్సెలాగూ ఫ్రీయే కదా అంది.

కాగితం వెనకవైపు ఖాళీగానే ఉంది. ఇప్పుడా లెక్క వేస్తున్నాను.