ఇంటికి వచ్చిన మందుబుడ్డి

రాచపుండునకు మందు ఆసుపత్రి మంచముమీదనే ఎక్కింపవలయునని మనలో పెక్కుమంది తలంచుచుందురు. మా అక్కగారికి పెద్దప్రేగునందు ఆ వ్యాధి కనుపట్టి శస్త్రచికిత్స జరిగిన పిదప, నాకు వేరొక విధానము తెలియవచ్చినది.

పదునాలుగు దినముల కొకపర్యాయము ఉదయమున ఆమెను ఆసుపత్రికి కొనిపోవుదురు. అచ్చట ఆక్సాలిప్లాటిన్, ల్యూకోవోరిన్ అను మందులను రెండుగంటలసేపు ఎక్కింతురు. రాత్రి బస లేదు. ఇల్లు చేరునప్పటి కామె నడుమున సంచిలో నొక చిన్నబుడ్డి యుండును. అందలి ఫ్లోరోయురాసిల్, 1957లో హైడెల్‌బర్గరు పండితుడు ప్రకటించిన మందు, 46 గంటలు నెమ్మదిగా దేహములోనికి పోవుచుండవలెను. బుడ్డికి విద్యుత్తు అక్కరలేదు. లోపల సాగిన రబ్బరువంటి బుడగ తనంతట కుదించుకొనుచు, మెడయెముక క్రింద చర్మములో నమర్చిన పోర్టులోనికి మందును నెట్టును. వేడి తగిలినచో ధార వేగమగును గనుక ఎండను, వేడినీటి స్నానమును మానవలెను.

ఆక్సాలిప్లాటిన్ చేయు చిత్రమొకటి గలదు. చల్లని చెంబు ముట్టినను వ్రేళ్లలో సూదులు గ్రుచ్చినట్లుండును. కుండనీటియందు ప్రాణము పెట్టుకొన్న మా యక్క, వేసవిలో గోరువెచ్చని నీరు త్రాగుచు ఆ కుండవంక చూచుట నాకు కష్టముగా నుండెను.

"ఇల్లే ఆసుపత్రి యయినది" అని బావగారు సంతోషించిరి. నిజమే, మనుమల నడుమ నుండుట కంటె నామెకు కావలసిన దేమి? కాని ఆసుపత్రిలో పలువురు నర్సులు చేయుపని యంతయు ఇంట నొక్క కోడలిపై బడినది. మందు ముగిసిన పిదపను రెండుదినములు మలమూత్రములందు దాని అంశ ముండును. చేతితొడుగులు, మూతవేసి రెండుమారులు నీరు విడుచుట, బట్టలు విడిగా రెండుమారులు ఉతుకుట. ఇవి యెవరికిని కనబడని పనులు.

మూడవ విడత పిమ్మట అర్ధరాత్రి అక్కకు ఫారన్‌హీటు 101 డిగ్రీల జ్వరము వచ్చినది. "తెల్లవారనిమ్ము, అమ్మాయీ" అనిరి బావగారు. 100.4 దాటిన ఆగరాదని కోడలు కాగితము చూపి, ఆటో పిలిపించినది. తెల్లకణములు మిక్కిలి తగ్గియున్నవని, తెల్లవారువరకు నిలిచియుండిన ప్రాణాపాయమగునని వైద్యులు చెప్పిరి. నాలుగుదినములకు ఇల్లు చేరితిమి.

ఆ మరునాటినుండి చేతితొడుగులు వేసికొని బట్టలుతుకువారు బావగారే. పండ్రెండు విడతలకు తొమ్మిది గడచినవి.